పొరపొచ్చాలు

ప్రయోగశాల, మూడో అంతస్తు
జూన్ 3

అన్నయ్యగారికి,

క్షేమసమాచారాలు అక్కచెల్లెళ్ళిద్దరూ రోజూ ఫోన్లో మార్చుకుంటూనే ఉన్నారు. తోడల్లుళ్ళమైన మనిద్దరికీ ఆ పెళ్ళి భోజనాల దగ్గర మాటామాటా పెరిగాక ఫోన్లు లేవు. నేను మిమ్మల్ని మెకానిక్కు అన్నాను, మీరు నన్ను గాజుగ్లాసులు కడిగేవాడన్నారు. ఇద్దరం అన్నమాట మీదే ఉన్నట్టున్నాం. అందుకని చెక్కపెట్టెలో పంపుతోబాటు ఈ కాగితం కూడా పెడుతున్నాను.

మరమ్మతులన్నీ మీ వర్క్‌షాపుకే ఇవ్వాలని మా ఆఫీసువాళ్ళు తీర్మానించారు. అందులో నా ప్రమేయం ఏమీ లేదు. ఉండి ఉంటే ఈ పెట్టె మరో ఊరు వెళ్ళేది.

ఇది నూనె లేని వ్యాక్యూమ్ పంపు. మీరు ముప్పై ఏళ్ళుగా మోచేతులదాకా పూసుకుంటున్న నల్లజిడ్డు ఇందులో ఉండదు. లోపల రెండు తెల్లటి పొరలుంటాయి. అవి డొక్క ఎగరేసినట్టు పైకీ కిందికీ ఆడుతూ గాలిని లాగి బయటికి తోస్తాయి. మీ నూనె పంపులైతే నూనె ఆవిరి వెనక్కి వచ్చి మా సరుకులో కలుస్తుంది. ఇది అలాంటి పాడుపని చెయ్యదు.

కొత్తలో ఎనిమిది మిల్లీబార్లదాకా లాగేది. ఆ అంకె ఎంత తగ్గితే అంత మంచిదని మీకు చెప్పనక్కర్లేదు, అయినా చెబుతున్నాను. ఇప్పుడు నలభై దగ్గర చతికిలబడింది. నా పనేమిటో మీకు ఎక్కదుగాని క్లుప్తంగా చెబుతాను. ఒక చెట్టు బెరడు నుంచి రెండేళ్ళుగా సారం తీస్తున్నాను. అది స్పిరిట్‌లో కరిగి ఉంటుంది. స్పిరిట్‌ని ఎగరగొట్టాలి, కానీ వేడి నలభై డిగ్రీలు దాటితే సారం మాడిపోతుంది. ఫ్లాస్కులో గాలి లాగేస్తే తక్కువ వేడికే స్పిరిట్ మరుగుతుంది. పంపు ఉన్నది అందుకు. అక్టోబరులో ఆ సారం మా పెద్దసారు బల్ల మీద ఉండాలి.

పొరలు మార్చి పంపండి. అలవాటుకొద్దీ నూనె మాత్రం పొయ్యకండి.

ఇట్లు,
గాజుగ్లాసులు కడిగేవాడు


మరమ్మతు గది, వంతెన కింద సందు
జూన్ 21

శాస్త్రజ్ఞుడైన తమ్ముడికి,

నూనె పొయ్యకండి అన్న ముక్క గదిలో అందరికీ వినబడేలా రెండుసార్లు చదివించాను. పాపం, నవ్వడానికి మావాళ్ళకి కూడా ఏదో ఒకటి ఉండాలిగా.

నీ పంపు విప్పాను. నూనె లేని పంపంటే లోపలంతా మడికట్టుకుని ఉంటుందనుకున్నాను. పొరలు రెండూ ఉబ్బిపోయి, అంచుల్లో చీలి, ముట్టుకుంటే బంకలా ఉన్నాయి. తప్పు పంపుది కాదు, నీది. స్పిరిట్ ఆవిరి తిన్నగా దాని నోట్లోకి పంపించావు. ఫ్లాస్కుకీ పంపుకీ మధ్య మంచులో పెట్టిన ఖాళీ సీసా ఒకటి ఉండాలి. ఆవిరి అందులోనే చల్లబడి ఆగిపోవాలి. ఆ సీసా మీ దగ్గర లేకేం కాదు. నువ్వు అందులో పెన్నులు పెట్టుకున్నావని మరదలు చెప్పింది.

ఇంకో మాట. పనయ్యాక పంపుని టక్కున ఆపకూడదు. అయిదు నిమిషాలు ఉత్తగాలి పీల్చుకోనివ్వాలి, లోపల తడి ఉంటే పోతుంది. నూనె పంపు మొరటుది. నీలాంటివాడు ఏం పోసినా మింగి ఊరుకుంటుంది. ఇది నాజూకైంది. చదువుకున్నవాళ్ళ చేతికి నాజూకు వస్తువులు ఇవ్వకూడదని నేను మొదటినుంచీ చెబుతూనే ఉన్నాను.

రెండు పొరలూ, నాలుగు కవాటాలూ మార్చాను. కవాటమంటే నీకు తెలియకపోవచ్చు, గోరంత పల్చటి బిళ్ళ. గాలిని ఒకవైపే పోనిస్తుంది. దాని ఒక ముఖం మీద గింజంత మెరక ఉంటుంది, అది పైకే ఉండాలి. అంతా బిగించి ఆడిస్తే మీటరు ఎనిమిది చూపించింది.

ఇక విప్పకు. మూతకి నాలుగు స్క్రూలున్నాయి. ఒక్కోదాని మీద ఒక్కో ఎర్ర చుక్క ఉంది. మీ వదిన గోళ్ళరంగే. చుక్క సగం స్క్రూ తల మీద, సగం మూత మీద ఉంటుంది. స్క్రూ ఏమాత్రం తిరిగినా చుక్క రెండు ముక్కలవుతుంది. మళ్ళీ బిగించినా ఆ రెండు సగాలూ కలవవు, నీ డిగ్రీలన్నీ అడ్డం పెట్టినా కలవవు.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, ఈ ఏడాది నేను చేసిన పంపులు రెండు వెనక్కి వచ్చాయి. మూడోది వస్తే బెంచీ ఖాళీ చెయ్యమని ఓనరు మొహం మీదే చెప్పాడు. ముప్పై ఏళ్ళ బెంచీ. ఆ మూడోది నీ పంపు కాకుండా చూసుకో. ఎవరి చేతిలో పోయినా సర్దుకుంటానుగాని, నీ చేతిలో పోయిందంటే నాకు నామోషీ.

మెకానిక్కు


ప్రయోగశాల, మూడో అంతస్తు
ఆగస్టు 9

అన్నయ్యగారికి,

మొదట మీ చేతిరాత గురించి. ఆ కొక్కిరిబిక్కిరి అక్షరాలు పోయి గుండ్రంగా ముత్యాల్లా తిరిగాయి. ఈ వయసులో రాత దిద్దుకుంటున్నారంటే సంతోషమే. ఆ శ్రద్ధలో పావువంతు పంపు మీద పెట్టి ఉంటే మా ఇంటా మీ ఇంటా ప్రశాంతంగా ఉండేది.

మీ పంపు తొంభై దగ్గర ఆగిపోయింది. ఎనిమిది కాదు, ఎనభై కాదు, తొంభై. దీనికంటే నేను గొట్టం పెట్టి నోటితో పీల్చినా నయం. వచ్చిన కొత్తలో ఏదో లాగినట్టే నటించింది. పోయిన మంగళవారం అసలు రంగు బయటపడింది. స్పిరిట్ ఎగరకపోయేసరికి నీళ్ళతొట్టి వేడి పెంచాల్సి వచ్చింది. యాభై అయిదు డిగ్రీలు. తెల్లగా రావలసిన సారం మాడిన పంచదారలా గోధుమరంగులో ఫ్లాస్కు అడుగున అంటుకుపోయింది. రెండేళ్ళ బెరడులో సగం అదే.

పెద్దసారు పిలిచి ఏం జరిగిందని అడిగారు. మరమ్మతు సరిగా చెయ్యలేదని చెప్పాను. మరేం చెప్పమంటారు? మెకానిక్కు మా తోడల్లుడు, చూసీచూడనట్టు వదిలెయ్యండి అని చెప్పనా?

మీ ఓనరుకి ఫిర్యాదు వెళ్ళింది. రాసింది నేను, సంతకం పెద్దసారుది. అందులో మీ పేరు లేదు, "సంబంధిత కార్మికుడు" అని మాత్రం ఉంది. చుట్టరికం పాటించానని గమనించగలరు.

పంపుని మళ్ళీ మీకు పంపాలంటే నా చేతులు రావడం లేదు. ఓనరుగారు చెప్పినట్టు చేస్తాం.

మీ చిరంజీవి


మరమ్మతు గది
ఆగస్టు 17

తమ్ముడికి,

"సంబంధిత కార్మికుడు" చాలా బాగుంది. నీ ఫిర్యాదు కాగితం ఓనరు గోడకి అంటించాడు. రోజూ టీ తాగేటప్పుడు దాని ఎదురుగా కూచుంటున్నాను. నా చేతిరాత సంగతి నీకెందుకు, రాసిన విషయం చదువు.

నేను పంపింది ఎనిమిది. నీ దగ్గర తొంభై అయింది. మధ్యలో ఏదో జరిగింది. పొర నెలన్నరలో చావదు. మంచు సీసా లేకుండా స్పిరిట్‌లో ముంచినా చావడానికి దానికి కొంత టైమ్ పడుతుంది. కవాటం దానంతటది పక్కకి ఒత్తిగిలదు. అంటే మూత విప్పారు.

నువ్వు విప్పావని అనడం లేదు. నీకు స్క్రూడ్రైవరు ఏ చివర పట్టుకోవాలో తెలియదని నాకు బాగా తెలుసు. పెళ్ళయిన కొత్తలో గోడకి మేకు కొట్టబోయి గడియారం పగలగొట్టిన మనిషివి. మీ గదిలో తెల్లకోట్లు తొడుక్కుని ఇంకా కొందరు ఘనులున్నారుగా, వాళ్ళలో ఎవడికో తెలివి పుట్టి ఉంటుంది.

కాబట్టి వాదన అనవసరం. లేచి పంపు దగ్గరికెళ్ళి చుక్కలు చూడు. నాలుగూ పూర్తి చుక్కలుగా ఉంటే తప్పు నాది. ఓనరు చెప్పేదాకా ఆగను, నేనే బెంచీ ఖాళీ చేస్తాను. ఒక్కటి చీలి ఉన్నా, ఎవడు విప్పాడో నువ్వు కనుక్కో. చూసి పంపుని పెట్టెలో పెట్టి పంపించు. ఇక్కడ అందరి ముందూ విప్పుతాం.

నువ్వు చూసింది చూసినట్టు రాస్తే చాలు. అంతకుమించి నీ దగ్గర ఏమీ ఆశించను, ఎప్పుడూ ఆశించలేదు.

అన్నయ్య


ప్రయోగశాల
ఆగస్టు 25

అన్నయ్యగారికి,

చూశాను. చుక్కలు లేవు.

చీలిన చుక్కలు కావు, అసలు చుక్కలే లేవు. నాలుగు స్క్రూలూ నిగనిగలాడుతున్నాయి. పెట్టాననుకుని ఉంటారు. వేరే పంపుకి పెట్టి ఇది అనుకుని ఉంటారు. వయసుతో ఇలాంటివి మామూలే, ఎవరినీ తప్పు పట్టడానికి లేదు.

పంపు ఈ పెట్టెలోనే ఉంది. మీ కళ్ళతో మీరే చూసుకోండి.

ఇట్లు


ఇల్లు
సెప్టెంబరు 12

గౌరవనీయులైన మా తోడల్లుడుగారికి నమస్కరించి,

మీ పంపు సురక్షితంగా చేరింది. ఓనరుగారు అందరి ముందూ మూత విప్పారు. నాలుగు కవాటాల్లో ఒకటి తలకిందులుగా ఉంది. గింజ ఉన్న ముఖం కిందికి ఉంది. మీరు రాసినట్టే స్క్రూల మీద చుక్కలు లేవు. పెట్టడం మర్చిపోయాను. కవాటం కూడా నేనే తిరగేసి పెట్టి ఉంటాను.

మీ పని పాడైనందుకు చాలా విచారిస్తున్నాను. రెండేళ్ళ శ్రమ అని మీరు ముందే చెప్పారు. అంత విలువైనదని తెలిసి కూడా నేను వేళాకోళం చేస్తూ రాశాను. మీ గదిలోని వారిని కూడా అనుమానించాను. వారికి నా క్షమాపణ తెలియజేయండి.

బెంచీ ఖాళీ చేశాను. మీ పంపుని మరొకరు బాగుచేసి ఈపాటికి పంపి ఉంటారు. ఇకమీదట ఏ ఇబ్బంది వచ్చినా వారికే రాయండి. మీరు చదువుకున్నవారు, మీకు నేను చెప్పవలసింది లేదు. మంచు సీసా మాత్రం పెట్టుకోండి.

మీ ఇంట్లో అందరూ క్షేమమని తలుస్తాను.

ఇట్లు, విధేయుడు


ప్రయోగశాల
సెప్టెంబరు 20

అన్నయ్యగారికి,

మీరు నన్ను "మీరు" అన్నారు. పద్దెనిమిదేళ్ళలో మొదటిసారి. ఆ మాట దగ్గర ఆగిపోయి ముందుకి చదవలేకపోయాను. మా ఆవిడ కాగితం లాక్కుని చదివింది. "బావగారు ఇలా రాయరే, నువ్వేం చేశావ్?" అని అడిగింది.

పంపు విప్పింది నేనే.

మీరు పంపాక ఆరు వారాలు అది బ్రహ్మాండంగా పనిచేసింది. ఎనిమిదంటే ఎనిమిది. ఆ మంగళవారం మంచు సీసా పెట్టలేదు. పెన్నులు తీసి పక్కన పెట్టడానికి బద్ధకించాను. అంతకుమించి కారణం లేదు. నేను పక్కగదిలో కబుర్లలో ఉండగా ఫ్లాస్కు కుతకుతా పొంగి, స్పిరిట్ మొత్తం గొట్టంలోంచి పంపులోకి పోయింది. అది ఎక్కిళ్ళు పెట్టినట్టు కొట్టుకుంటుంటే పరుగెత్తుకొచ్చి ఆపాను.

మీకు పంపి ఉండొచ్చు. కానీ పెన్నుల సంగతి మీరు ముందే రాశారు. మీ నవ్వు నాకు చెవుల్లో వినబడింది. మీతో మాట పడటం కంటే మూత విప్పి తుడిచెయ్యడం మేలనుకున్నాను. తుడిచాను, కవాటాలు కడిగాను, మళ్ళీ పెట్టాను. ఏ ముఖం పైకుండాలో మీరు రాశారు. ఆ ఉత్తరం తీసి చూసుకోవాలని కూడా తోచలేదు. ఒకటి తలకిందులైందని మీ ఉత్తరం చూశాకే నాకు తెలిసింది. తొంభై దగ్గర ఆగిపోతే వేడి పెంచి సారం మాడ్చింది కూడా నేనే.

ఇక చుక్కలు. మీరు చూడమన్నప్పుడు వెళ్ళి చూశాను. నాలుగు చుక్కలూ చీలి, సగం ఇటూ సగం అటూ ఉన్నాయి. గాజుసామాను కడిగే అసిటోన్ పక్కనే ఉంది. దూది ముంచి తుడిచాను. నిమిషం కూడా పట్టలేదు. ఆ తరువాత మీకు వయసు మీద పడిందని రాశాను.

మీ ఓనరుకీ, మా పెద్దసారుకీ ఇదే విషయం ఈరోజే రాసి పంపాను. పెద్దసారు ఏమంటారో తెలియదు. ఏమన్నా పడతాను.

మీరు నన్ను తిట్టండి. చేతకానివాడివనండి, దద్దమ్మవనండి, ఏమైనా అనండి. "మీరు" అని మాత్రం అనకండి.

తమ్ముడు


కంటి ఆసుపత్రి, వరండా బెంచీ
అక్టోబరు 2

మరిదికి,

చేతిరాత అదేగాని ఇది మీ అన్నయ్య చెప్పి రాయించింది కాదు. మీ వదినని, నా అంతట నేను రాస్తున్నాను. జూన్ నుంచి నీకొచ్చిన ఉత్తరాలన్నీ ఆయన చెబితే నేను రాసినవే. నీవన్నీ ఆయనకి నేను చదివి వినిపించినవే. గుండ్రంగా ఉందని వెక్కిరించావు చూడు, ఆ అక్షరం నాది. ఆ వెక్కిరింత కూడా నా గొంతుతోనే ఆయనకి వినిపించాను.

ఆయన రెండు కళ్ళకీ శుక్లాలు. పొరలు అంటారే, అవే. ఎవరికీ చెప్పనివ్వలేదు, నీ భార్యకి కూడా. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే, కన్ను పంపు కాదు విప్పి బిగించడానికి అనేవారు. రోజూ సాయంత్రం నేను వర్క్‌షాపుకి వెళ్ళి మీటరు చదివి అంకె చెప్పేదాన్ని. నీ పంపు ఎనిమిది చూపించిందని చెప్పింది నేను. చుక్కలు పెట్టింది నేను. ఆయనకి స్క్రూ తలకాయే కనబడదు, చుక్కేం పెడతారు?

కవాటం సంగతి కూడా విను. ఆయన దాన్ని చూసి వెయ్యరు, బొటనవేలితో గింజ తడిమి వేస్తారు. వేలికి శుక్లం రాదు.

నీ పంపు వెనక్కి వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. ఒక స్క్రూ గాడిలో వెంట్రుకంత ఎర్రగీత మిగిలి ఉంది. ఎంత చదువుకున్నా తుడవడం రాలేదు నీకు. గోళ్ళరంగు దేనితో పోతుందో నాకొకరు చెప్పాలా? అప్పుడే నాకు అంతా అర్థమైంది. పక్కకి పిలిచి ఆయనకి చూపించాను. ఆయనకి కనబడాలిగా. "నీకు ఉండాలని ఉంది కాబట్టి కనబడుతోంది" అన్నారు. ఓనరుకి చూపిద్దామంటే, నువ్వెందుకు చూడలేవని ఆయన్నే అడుగుతారు. అందుకే చూపించలేదు.

ఇంటికొచ్చాక మళ్ళీ చెప్పాను. నాలుగు చుక్కలు పెట్టాను, నా చేత్తో పెట్టాను, మీ తోడల్లుడే చెరిపేశాడు అన్నాను. ముప్పై ఏళ్ళ కాపురంలో మొదటిసారి ఆయన నా మాట నమ్మలేదు. ఏమన్నారో తెలుసా? "వాడు దద్దమ్మేగాని అబద్ధమాడడే" అన్నారు. "నువ్వు మర్చిపోయి ఉంటావు, నా వేలు మోసం చేసి ఉంటుంది" అన్నారు. నిన్ను ఇన్నాళ్ళూ దుమ్మెత్తిపోసిన మనిషి, నన్ను కాదని నిన్ను నమ్మారు. ఆ తరువాత నన్ను కూచోబెట్టి, పెట్టడం మర్చిపోయాను అని రాయించారు. నేను పెట్టిన చుక్కల్ని నా చేత్తోనే లేవని రాశాను. ఆ రోజునుంచి ఆయనకీ నాకూ మధ్య మాటలు తక్కువ.

బెంచీ పోయాక పట్టుదల కూడా పోయింది, ఆపరేషనుకి ఒప్పుకున్నారు. నిన్న కుడికన్ను పొర తీశారు. నీ ఉత్తరం అంతకుముందే వచ్చింది. ఏం రాశాడే వాడు అని నాలుగుసార్లు అడిగారు. తరువాత చదువుతానన్నాను. ఓనరు కూడా కబురు పెట్టాడు, బెంచీ ఇంకా ఖాళీగానే ఉందట. అది కూడా చెప్పలేదు.

నీ ఉత్తరం నేను చదివి వినిపించను. నీ మాటలు నా గొంతుతో చెప్పడం నాకిక చాలు. ఎల్లుండి కట్టు విప్పుతారు. ఆ కాగితం ఆయన చేతిలో పెడతాను. పొర తీశాక ఆయన తన కంటితో చదివే మొదటి అక్షరాలు నీవే. తిట్టండి అని అడిగావు. తిడతారో లేదో నాకు తెలియదు. "మీరు" అని రాయించబోతే మాత్రం ఈసారి నా చేత్తో రాయను.

ఈ కవరు నాలుగు మూలలా గోళ్ళరంగు చుక్కలు పెట్టి అంటిస్తున్నాను. సరిగ్గా నాలుగు, విప్పే ముందు లెక్కపెట్టుకో. చెరపాలనిపిస్తే నీ దగ్గర అసిటోన్ ఉండనే ఉంది.

మీ వదిన